ఐసీయూ నుంచి ఇంటికొచ్చిన పిల్లలు: తొలి ఏడాదిలో ఎప్పుడేం చూసుకోవాలి

డెంగీ షాకో, నిమోనియానో, మెదడువాపో, పాముకాటో కావచ్చు. వారం పది రోజులు వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డ బిడ్డ ఇంటికి రాగానే చుట్టపక్కాలంతా గండం గడిచిందంటారు. అసలు జబ్బు వరకూ అది నిజమే. ఐసీయూ వదిలిపెట్టే ఇబ్బందులు మాత్రం ఇంటికొచ్చాకే ఒక్కొక్కటిగా తేలతాయి. ఒళ్ళు, బుర్ర, మనసు, నలుగురిలో మెలగడం అనే నాలుగింటినీ బిడ్డకీ, తల్లిదండ్రులకీ, తోబుట్టువులకీ కలిపి చూడాలని పిల్లల ఐసీయూ నిపుణులు 2018లో ఒక చట్రం ప్రతిపాదించారు. అప్పటిదాకా ప్రాణం దక్కిందా లేదా అన్నదే లెక్క.

ఈ ఇబ్బందులన్నీ ఒకేసారి రావు. మత్తుమందు మానిన తిప్పలు మొదటి రోజుల్లో, కండ నీరసం మొదటి వారాల్లో, గొంతు సమస్య ఆ తర్వాత కొన్ని వారాలకి, జుట్టు ఊడటం రెండు మూడు నెలలకి, చదువులో తడబాటు బడికి వెళ్ళాక బయటపడతాయి. బిడ్డ చూడ్డానికి బాగానే ఉందని ఆరో వారంలో ఆస్పత్రికి వెళ్ళడం మానేసేవాళ్ళే ఎక్కువ. పట్టుకోవలసినవి సగం ఆ తర్వాతే వస్తాయి. అందుకని ఒక పొడుగు నోటుబుక్కు కొని, కింద చెప్పినవి తారీఖులతో సహా అందులో రాసుకుంటూ పోండి.

ఆస్పత్రి గేటు దాటకముందు

డిశ్చార్జి సమ్మరీ చేతికిచ్చేటప్పుడు హడావిడి ఉంటుంది. బిల్లు కట్టాలి, బండి మాట్లాడాలి. అయినా ఒక పావుగంట కూర్చుని అందులో ఇవి ఉన్నాయో లేదో చూడండి: వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు, ఏ మత్తుమందులు ఎన్ని రోజులు ఎక్కించారు, రక్తం, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) లాంటివి ఏ తారీఖున ఇచ్చారు, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడారా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చివరిసారి ఎంత ఉంది, ఇంటికి పంపిన రోజు బరువు ఎంత. లేనివి అక్కడికక్కడే చేత్తో రాయించి సంతకం పెట్టించుకోండి. రక్తం ఎక్కించిన తారీఖు ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆర్నెల్ల తర్వాత టీకా దగ్గర దాంతోనే పని.

కేసు షీటు కాపీలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మందుల షాపు బిల్లులు ఇంటికి రాగానే జిరాక్సు తీయించండి, ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టండి. వేడికి అచ్చయ్యే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోవాలంటే ఒరిజినల్ బిల్లులే అడుగుతారు, తెల్లకాగితం చూపిస్తే పని కాదు. ఆరోగ్యశ్రీ కింద చేరినవాళ్ళయితే వెళ్ళేముందు ఆరోగ్యమిత్ర డెస్కులో, ఈ జబ్బుకి ఫాలోఅప్ ప్యాకేజీ ఉందా అని ఒక మాట అడగండి. కొన్ని చికిత్సలకి తర్వాతి మందులు, పరీక్షలు కూడా అందులో వస్తాయి. అడగనివాళ్ళకి ఎవరూ చెప్పరు.

మొదటి వారం: మత్తు, మందు కొలత, పొలమారడం

ఫెంటనిల్, మార్ఫిన్, మిడజోలం లాంటి మత్తుమందులు ఐదు రోజులకి మించి ఎక్కించాక ఆపితే, అలవాటుపడ్డ ఒళ్ళు గిలగిల్లాడుతుంది. చెమటలు, ఆగని ఆవలింతలు, తుమ్ములు, చేతుల వణుకు, నీళ్ళ విరేచనాలు, ఏం చేసినా ఆగని ఏడుపు, కొద్దిపాటి జ్వరం కనిపిస్తాయి. మందు ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే ఇది మొదలవుతుంది. దాన్ని అజీర్తి అనో, దిష్టి తగిలిందనో అనుకుని రోజులు గడిపేస్తుంటారు. కొందరు పిల్లలకి ఈ మందుల్ని సిరప్పుగానో మాత్రగానో ఇచ్చి, ఇంటి దగ్గర మెల్లగా తగ్గించమని పంపుతారు. ఆ తగ్గింపు పట్టిక గోడకి అంటించండి. బిడ్డ హుషారుగా ఉందని ఒక మెట్టు ముందే దిగితే, రెండు మెట్లు వెనక్కి ఎక్కాల్సి వస్తుంది. హఠాత్తుగా ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మందు తాగిన పావుగంటలో కక్కేస్తే మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోండి. అర్ధరాత్రి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. స్టెరాయిడ్లు కొన్ని వారాలుగా వాడుతున్న బిడ్డ విషయంలోనూ ఇంతే, సొంతంగా ఆపకూడదు.

సిరప్పుని చెంచాతో కొలవకండి. మందుల షాపులో సూది లేని సిరంజి ఐదు రూపాయలో పదో ఉంటుంది, దాంతో కొలవండి. ఒకే మందు రకరకాల బలాల్లో దొరుకుతుందన్నది అసలు చిక్కు. పారాసిటమాల్‌నే చూడండి. 12 కిలోల బిడ్డకి కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 180 కావాలి. 5 మి.లీ.కి 250 ఉండే సీసా అయితే అది 3.6 మి.లీ., 5 మి.లీ.కి 120 ఉండే సీసా అయితే 7.5 మి.లీ. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు "ఎప్పటిలాగే ఇచ్చాం" అంటే సగమో, రెట్టింపో పడుతుంది. సీసా మారితే డోసు పోసేముందు లేబుల్ చదవండి. ఫిట్స్ మందులు బరువుని బట్టి ఉంటాయి కాబట్టి బిడ్డ రెండు కిలోలు పెరిగితే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

గొంతులో ట్యూబు ఉన్న పిల్లలకి మింగే కండలు కొన్నాళ్ళు పట్టు తప్పుతాయి. నీళ్ళు, పల్చటి చారు, మజ్జిగ త్వరగా జారి ఊపిరితిత్తుల వైపు పోతాయి. జావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం లాంటి చిక్కటివి తేలిక. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చిన్న గుటకలు పట్టించండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. తిన్న ప్రతిసారీ పొలమారినా, మింగాక గొంతు గరగరమన్నా, తింటూ తింటూ చెమట పట్టి మొహం పాలిపోయినా నోటి ద్వారా ఇవ్వడం ఆపి ఆస్పత్రికి ఫోను చేయండి. ఇక ఉగ్గుగిన్నె. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, గిన్నెతో మందు పోసే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. వెంటిలేటర్ నుంచి దిగిన పిల్లలకి ఇది మరింత ప్రమాదం. పెద్దవాళ్ళు నొచ్చుకున్నా సరే, ఆ గిన్నె అటక మీద పెట్టేయండి.

ముక్కుగొట్టంతో ఇంటికి వస్తే, ముక్కు అంచు దగ్గర గొట్టం మీద మార్కరుతో గీత గీయించుకోండి. ప్రతిసారీ పాలు పోసేముందు ఆ గీత అక్కడే ఉందో లేదో చూడాలి. గీత జరిగితే పోయకూడదు. గీత కదలకపోయినా దగ్గు, వాంతి తర్వాత లోపలి కొన జరిగి ఉండొచ్చు గనక, గొట్టం సరైన చోట ఉందని తేల్చుకునే పద్ధతి నర్సు దగ్గర చేసి చూపించి మరీ ఇంటికి రావాలి. పోసిన తర్వాత చెప్పినంత నీళ్ళతో గొట్టం కడగండి, లేకపోతే పాలు గడ్డకట్టి మూసుకుపోతుంది.

సాంబ్రాణి పొగ, అగరొత్తులు, దోమల కాయిల్ రెండు మూడు నెలలు మానేయండి. దోమతెర చాలు. పొగ తాగేవాళ్ళు వీధిలోకి వెళ్ళి తాగడమే కాదు, చొక్కా మార్చుకుని బిడ్డని ఎత్తుకోవాలి.

రాత్రి రెండింటికి లేచి, ఫోను టార్చి వెలుగులో పొట్ట లేస్తోందా పడుతోందా అని చూడటం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. ఆన్‌లైన్లో కొన్న వేలి ఆక్సీమీటరు మాత్రం పెట్టకండి. పెద్దవాళ్ళ వేలికి తయారైన క్లిప్పు పసివేలి మీద వదులుగా కూర్చుని ఆక్సిజన్ 84కి పడిపోయిందని తప్పుగా చూపిస్తుంది, ఆ రాత్రంతా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకోమని పంపితే తప్ప అది అక్కర్లేదు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లలకి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళ లోపు 40 దాటితే, లేదా డొక్కలు ఎగరేస్తుంటే ఆస్పత్రికి బయల్దేరండి. పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా 108కి ఫోను చేయండి. ఫిట్స్‌కి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇచ్చి ఉంటే ఎన్ని నొక్కులో సీసా మీదే రాసుకోండి. కంపెనీని బట్టి ఒక్కో నొక్కుకి వచ్చే మందు మారుతుంది.

పథ్యం పేరుతో పస్తు పెట్టకండి

ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డని మన ఇళ్ళల్లో ఎక్కువగా దెబ్బతీసేది పథ్యం. పప్పు వాతమని, గుడ్డు వేడని, పెరుగు చలవని, నూనె అరగదని ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి మిగిలేది చారన్నం, బ్రెడ్డు, బార్లీ నీళ్ళు. కరిగిపోయిన కండ మళ్ళీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి, అవి సరిగ్గా ఆ తీసేసినవాటిలోనే ఉన్నాయి. కాలేయమో, కిడ్నీయో దెబ్బతిని డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప అన్నీ పెట్టవచ్చు. ఏవి వద్దో డిశ్చార్జి రోజే కాగితం మీద రాయించుకుంటే నానమ్మతో వాదించే పని తప్పుతుంది.

ఒక్కసారిగా పళ్ళెం నింపితే తినలేదు. రెండు రెండున్నర గంటలకోసారి, రోజుకి ఆరేడు సార్లు పెట్టండి. ఒక్కో పూట పరిమాణం పెంచే బదులు అందులో బలం పెంచండి. ముద్దలో చెంచాడు నెయ్యి కలిపితే దాదాపు 45 కేలరీలు. గుడ్డు ఒకటికి 6 గ్రాముల మాంసకృత్తులు, గ్లాసుడు పాలకి కూడా ఇంచుమించు అంతే. గుప్పెడు వేరుశనగపప్పుకి 7 గ్రాములు, అయితే ఐదేళ్ళ లోపు పిల్లలకి పలుకులు గొంతుకి అడ్డం పడతాయి గనక పొడి కొట్టి అన్నంలోనో, బెల్లంతో ఉండలా చేసో పెట్టాలి. నాలుగేళ్ళ బిడ్డకి ఒక రోజు ఇలా ఉండొచ్చు: పొద్దున్నే రాగిజావ పాలతో, తొమ్మిదింటికి నెయ్యి వేసిన ఇడ్లీ పల్లీ చట్నీతో, పదకొండున్నరకి అరటిపండు, ఒంటిగంటకి ముద్దపప్పు అన్నం గుడ్డుతో, నాలుగింటికి పల్లీ ఉండ, ఆరింటికి పాలు, ఎనిమిదింటికి పెరుగన్నం. పాలు రోజుకి అర లీటరు దాటనివ్వకండి. పాలతోనే పొట్ట నిండితే అన్నం తినదు, రక్తం కూడా తగ్గుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, బాలామృతం వదులుకోకండి. వెయ్యి రూపాయల ప్రోటీన్ డబ్బా కన్నా ఆ డబ్బుకి వచ్చే గుడ్లు ఎక్కువ పని చేస్తాయి.

బరువు వారానికోసారి, ఒకే కాటా మీద, పొద్దున ఏమీ తినకముందు చూసి రాయండి. మొదటి నాలుగైదు రోజుల్లో బరువు తగ్గితే కంగారు పడక్కర్లేదు, సెలైన్లతో పట్టిన నీరు దిగిపోతుంటుంది. రెండు వారాలు దాటినా ముల్లు కదలకపోతే మాత్రం చూపించాలి.

కండ తిరిగి పట్టేదాకా

బిడ్డని నేల మీద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, లేవమనండి. పక్కకి ఒరిగి, రెండు చేతులూ నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన తొడల మీద తనే పాకుతున్నట్టు లేస్తుంటే తొడ కండ ఇంకా రాలేదన్నమాట. ఈ ఒక్క పరీక్ష వారానికోసారి వీడియో తీయండి. రోజూ చూసేవాళ్ళకి తేడా తెలియదు, నాలుగు వీడియోలు వరసగా చూస్తే తెలుస్తుంది.

నాలుగేళ్ళు దాటిన పిల్లలకి కూర్చుని లేవడమే మంచి కసరత్తు. మోకాలి ఎత్తు స్టూలు మీద నుంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, రోజుకి మూడు విడతలు. మూడు రోజులకోసారి ఒకటి రెండు పెంచండి. పదిహేను తేలిగ్గా చేస్తే స్టూలు తీసి కుర్చీపీట వేయండి, ఆ తర్వాత నేల. మర్నాడు బిడ్డ మరీ నీరసించి పడుకుంటే నిన్నటిది ఎక్కువైందని అర్థం, అంతకుముందు చేసిన లెక్కకి దిగండి. చాలా ఇళ్ళల్లో ఓపిగ్గా ఉన్న రోజు గంటన్నర ఆడించి, తర్వాత రెండు రోజులు మంచం మీద ఉంచుతారు. రోజూ కొంచెం చేయించడం దానికన్నా నయం.

పడుకుని ఉన్నన్నాళ్ళూ పాదాలు కిందికి వాలి, పిక్క కండ కుంచించుకుపోతుంది. అందుకే కొందరు పిల్లలు మునివేళ్ళ మీద నడుస్తారు. మోకాలు చాచి ఉంచి, మడమని అరచేత్తో పట్టుకుని, మీ ముంజేతితో అరికాలిని బిడ్డ మొహం వైపుకి నెమ్మదిగా నొక్కి 30 సెకన్లు ఆపండి. ఒక్కో కాలికి ఐదుసార్లు, పొద్దునా రాత్రీ. నొప్పితో ఏడ్చేంత నొక్కకూడదు. చేతివేళ్ళకి చపాతీ పిండి ముద్ద, బట్టల క్లిప్పులు, బఠానీలు వలవడం చాలు, బొమ్మల షాపుకి వెళ్ళక్కర్లేదు. పసిపిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాలు, రోజుకి ఐదారుసార్లు బోర్లా పడుకోబెట్టి, మీరు ఎదురుగా ఉండి పలకరించండి.

పెద్ద పిల్లలు చెప్పుకోలేని ఇబ్బంది ఒకటుంది. మన దొడ్లో గొంతుక్కూర్చుని లేవలేక దొడ్డికి వెళ్ళడమే మానుకుంటారు. మలబద్ధకం, కడుపునొప్పి, ఆకలి లేకపోవడం అలా మొదలవుతాయి. నడుమ చిల్లు ఉన్న ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ రెండు నెలలకి తెచ్చుకోండి.

గుండె కండరానికి వాపు వచ్చిన పిల్లలకి ఇవేవీ సొంతంగా మొదలుపెట్టకండి. గుండె డాక్టరు ఎకో చూసి చెప్పేదాకా, మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు, పరుగులూ ఆటలూ వద్దంటారు. ఒక చేయో, ఒక కాలో మాత్రమే బలహీనంగా ఉన్నా, రెండు వారాల కసరత్తుకీ మణికట్టో పాదమో లేవకపోయినా నరాల డాక్టరు చూడాలి.

రెండో మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు వస్తుంది. పెద్ద జబ్బు చేసినప్పుడు ఎదుగుదల ఆగిన వెంట్రుకలన్నీ ఒకేసారి రాలడమే అది. కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది, నూనెల మీద డబ్బు పోయకండి. గోళ్ళు కూడా చూడండి. పది వేళ్ళ మీదా ఒకే ఎత్తులో అడ్డంగా ఒక గాడి కనిపిస్తుంది. బిడ్డ ఐసీయూలో ఉన్న రోజుల్లో గోరు ఎదగడం ఆగిన గుర్తు. నెలకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి జరిగి, ఐదారు నెలలకి గోళ్ళు తీసేటప్పుడు దానంతటదే పోతుంది. క్యాల్షియం మాత్రలతో దానికి సంబంధం లేదు.

మొక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోలుకుంటే కొండకొస్తామని మొక్కుకోని ఇల్లుండదు, డిశ్చార్జయిన వారానికే క్యూలో నిలబెట్టేవాళ్ళున్నారు. కనీసం రెండు నెలలాగండి. దేవుడు తొందరపెట్టడు, గుంపులో తగిలే జలుబు మాత్రం ఆగదు.

గొంతులో కీచు శబ్దం

ట్యూబు తీశాక గొంతు కొన్నాళ్ళు బొంగురుగా ఉండటం మామూలే. రెండు వారాలు దాటినా మాట రాకపోయినా, ఏడుపు వినిపించకపోయినా చూపించాలి. అసలు భయపడవలసింది మరొకటి. మూడు, నాలుగు వారాలు బాగానే ఉన్న బిడ్డ ఆ తర్వాత గాలి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం చేస్తుంది, మొదట ఏడ్చినప్పుడు, తర్వాత నిద్రలోనూ. ట్యూబు ఒరుసుకున్న చోట గాలిగొట్టం మచ్చకట్టి సన్నబడుతోందన్నమాట. దీన్ని ఆస్తమా అనుకుని నెబులైజర్ మీద నెబులైజర్ పెట్టించడం తరచుగా జరిగే పొరపాటు. ఆస్తమా పిల్లికూత గాలి వదిలేటప్పుడు వస్తుంది, ఇది పీల్చేటప్పుడు. ఆ శబ్దం ఫోనులో రికార్డు చేసి, ఫలానా తారీఖు దాకా ట్యూబు ఉందని చెప్పి, చెవి ముక్కు గొంతు డాక్టరు చేత స్కోపు చేయించండి. ఊపిరికి కష్టపడుతుంటే అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు.

రాత్రి భయాలు

అంత మత్తులో బిడ్డకి ఏం గుర్తుంటుందని అనుకుంటాం. గుర్తుంటుంది, కాకపోతే వంకరగా. ఐసీయూలో చాలామంది పిల్లలకి సంధి కమ్ముతుంది. గోడ మీద పురుగులు పాకాయని, నర్సు తనని కట్టేసి చంపబోయిందని, అమ్మ కావాలనే వదిలి వెళ్ళిపోయిందని నమ్ముతారు. ఇంటికొచ్చాక ఎవరూ ఆ ఊసెత్తరు, పాపం గుర్తు చేయడమెందుకని. దాంతో ఆ పురుగులు నిజమే అయిపోతాయి.

రెండో వారంలో, పగటిపూట, ఒళ్ళో కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పండి. ఐదేళ్ళ బిడ్డకి ఇంతకన్నా అక్కర్లేదు: "నీకు బాగా జ్వరం వచ్చింది. ఊపిరి అందలేదు. డాక్టర్లు నోట్లో గొట్టం పెట్టి మిషన్‌తో గాలి ఇచ్చారు. గొట్టం లాగేయకుండా చేతులు కట్టారు. నొప్పి తెలియకుండా మందిచ్చారు, ఆ మందుకి పిచ్చి పిచ్చి కలలొచ్చాయి. అమ్మని లోపలికి రానివ్వలేదు, నేను తలుపు బయటే కుర్చీలో ఉన్నాను." చివరి వాక్యం మర్చిపోవద్దు. ఆస్పత్రి ఫొటోలు ఉంటే తను అడిగినప్పుడు చూపండి, బలవంతంగా కాదు. బొమ్మకి కట్టు కట్టే ఆట, ఉత్తి సిరంజితో నీళ్ళు చిమ్మే ఆట ఆడుకోనివ్వండి. బొమ్మకి వందసార్లు ఇంజెక్షన్ పొడిస్తే ఆపకండి, ఆ పొడవడంలోనే భయం దిగుతుంది.

మళ్ళీ పక్క తడపడం, వేలు చీకడం, దొడ్లోకి కూడా అమ్మ రావాలనడం మొదటి నెలలో ఉంటాయి. తిట్టకండి. నెల దాటినా పీడకలలు తగ్గకపోయినా, ఆస్పత్రి దారిలోకి బండి తిరిగితేనే వణికిపోయినా, నవ్వడం మానేసినా పిల్లల మానసిక వైద్యుల సాయం కావాలి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోను లైను టెలిమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా.

తారీఖు పెట్టుకుని చేయించాల్సిన పరీక్షలు

వినికిడి పరీక్షని వాయిదా వేయకండి. మెదడుపొరల జ్వరం (మెనింజైటిస్) వచ్చిన బిడ్డకి నాలుగు వారాల లోపే జరగాలి. ఆ జబ్బు తర్వాత లోపలి చెవి ఎముకలా గట్టిపడిపోవచ్చు, అప్పుడు వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడమూ కష్టమవుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వాడిన పిల్లలకీ చేయించాలి. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగి చూసిందన్నది పరీక్ష కాదు.

కిడ్నీలు దెబ్బతిన్నాయని, డయాలిసిస్ చేశారని సమ్మరీలో ఉంటే మూడో నెలలో బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. ఆ తర్వాత ఏడాదికోసారి. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, నిమెసులైడ్ ఇవ్వకండి. పసిపిల్లల ఎదుగుదలని మూడు, ఆరు, పన్నెండు నెలలకి పరీక్ష చేయించండి. పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టుకోడానికి జిల్లా ఆస్పత్రుల్లో పెట్టిన డైక్ (డీఈఐసీ) కేంద్రాల్లో ఫిజియో, మాట, వినికిడి నిపుణులు ఒకే చోట ఉంటారు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద 18 ఏళ్ళ వరకూ ఉచితం. బుద్ధి ఎదుగుదల మీద లోతైన అంచనా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది.

టీకాల్లో, ఆస్పత్రి వల్ల ఆగిపోయిన పెంటావాలెంట్ లాంటివి బిడ్డ కుదుటపడగానే వేయించొచ్చు. తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మ టీకాలకి మాత్రం ఎడం కావాలి. ఎక్కించిన రక్తంలోని యాంటీబాడీలు టీకాని పనిచేయనివ్వవు. సాధారణంగా పాటించే లెక్క ప్రకారం రక్తం ఎక్కిస్తే 6 నెలలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా అయితే 7, ఐవీఐజీ అయితే మోతాదుని బట్టి 8 నుంచి 11. ఊళ్ళో తట్టు తిరుగుతుంటే డాక్టరు ముందే వేసి, మళ్ళీ ఇంకోసారి వేయమనవచ్చు. ఏఎన్ఎంకి డిశ్చార్జి సమ్మరీ చూపించండి, కార్డు మాత్రమే చూస్తే ఇవేవీ ఆమెకి తెలియవు.

బడి

మొదటి వారం రెండు మూడు గంటలే పంపండి, మధ్యాహ్న భోజనానికి ముందు తీసుకొచ్చేయండి. రెండో వారం సగం రోజు. మూడు నాలుగు వారాలకి పూర్తి రోజు. మొదటి బెంచీ, కింది అంతస్తు క్లాసు, బ్యాగు మోయకపోవడం, పీటీ పీరియడ్ మినహాయింపు, ఎప్పుడంటే అప్పుడు దొడ్డికి వెళ్ళనివ్వడం: ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి, డాక్టరు సంతకంతో హెడ్మాస్టరుకి ఇవ్వండి.

టీచరు నుంచి వచ్చే ఫిర్యాదు సాధారణంగా ఒకటే: "ఇదివరకు చురుగ్గా ఉండేది, ఇప్పుడు బద్ధకిస్తోంది." అలసిన మెదడు అలానే కనిపిస్తుంది. ఇంట్లో చూసుకోండి: "వంటింట్లోకి వెళ్ళి గ్లాసు తీసుకుని, నీళ్ళు పోసి, తాతకి ఇవ్వు" అని మూడు పనులు ఒకేసారి చెప్పండి. మధ్యలో మర్చిపోయి నిలబడిపోతుంటే, పాఠం కాపీ చేయడం మధ్యలో ఆపేస్తుంటే హోంవర్కు పదిహేను నిమిషాల ముక్కలు చేయండి. రెండు మూడు నెలలు గడిచినా అలానే ఉంటే పరీక్ష చేయించాలి. ప్రభుత్వ బడి పిల్లలకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం టీచర్లు ఇందుకు పనికొస్తారు. మార్కుల కోసం ట్యూషన్ పెట్టడం ఈ దశలో తప్పుడు మందు. ఏడాది పోయినా పర్వాలేదని ఇంట్లో ముందే అనేసుకుంటే అందరి గుండెల మీదా బరువు దిగుతుంది.

ఇంట్లో మిగతావాళ్ళు

"రెండు రోజుల ముందే తీసుకెళ్ళి ఉంటే" అన్న మాట తల్లి తనలో తను అనుకుంటుంది, అత్తగారో ఆడపడుచో పైకి అనేస్తారు. ఆ మాట అననివ్వకుండా ఆపడం తండ్రి పని. డెంగీలో జ్వరం తగ్గిన రోజే షాక్ రావచ్చని, అందుకే ఎంతోమంది మోసపోతారని డాక్టరు చేత చెప్పించండి. తండ్రి వైపు వేరే బరువు: బంగారం తాకట్టు, చీటీ పాట, చేబదుళ్ళు. ఎవరికెంత, వడ్డీ ఎంత అన్నది ఒకే కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాసుకోండి, ఎక్కువ వడ్డీది ముందు తీర్చేలా. ఆ కాగితం భార్యకి కనపడకుండా దాచినవాళ్ళకే నిద్ర పట్టదు.

రాత్రుళ్ళు ఇద్దరూ మేల్కోవద్దు. రెండింటి దాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. నెల దాటినా మానిటర్ బీప్ చెవుల్లో మోగుతున్నా, ఏడుపు ఆగకపోయినా, బిడ్డని వదిలి వీధి చివరికి కూడా వెళ్ళలేకపోయినా 14416 మీకు కూడా పనికొస్తుంది. ఆస్పత్రి రోజుల్లో అమ్మమ్మగారింట్లో వదిలేసిన పెద్ద పిల్లాడికి తమ్ముడి జబ్బు తన వల్లే వచ్చిందేమోనన్న అనుమానం ఉండొచ్చు. అడిగి చూడండి, తనంతట తను చెప్పడు. రోజుకి పదిహేను నిమిషాలు వాడికొక్కడికే ఇవ్వండి.

మళ్ళీ రక్తపరీక్ష రోజు వస్తుంది. "నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పి తీసుకెళ్తే తర్వాతి పరీక్షకి బిడ్డ ఇంట్లోంచే కదలదు. చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది అని పొద్దున్నే చెప్పండి, ముందు రాత్రి చెబితే నిద్రపోదు. చర్మం మొద్దుబార్చే ప్రిలాక్స్ క్రీము డాక్టరుని అడిగి రాయించుకోండి. పసిపిల్లలకి ఎంత రాయాలో, అసలు రాయొచ్చో లేదో ఆయనే చెప్పాలి. సూది గుచ్చే చోట గంట ముందు మందంగా పెట్టి, రుద్దకుండా, పైన ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంచాలి. ల్యాబుకి వెళ్ళాక పెడితే పని చేయదు, కాబట్టి ఇంటి దగ్గరే పెట్టుకుని బయల్దేరండి.